కరువు ఏడాది డకోటాలో బాతుల వేటకు వెళ్లేముందు

అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం గడ్డి మైదానాల్లోని చిన్న గుంటలు ముఖ్యంగా మంచు కరిగిన నీళ్లతో, వానతో నిండుతాయి. ఆ రెండూ తగ్గితే ముందు ఎండేవి అవే.

• పోయినేడు బాతులు దిగిన గుంటలో ఈసారి నీళ్లున్నాయో లేదో ముందురోజే చూసి రండి. ఉన్న కొద్ది నీళ్ల దగ్గరికే బాతులూ వేటగాళ్లూ అందరూ చేరతారు. ఎదుటి ఒడ్డున ఎవరున్నారో తెలియకుండా తుపాకీ ఎత్తకండి.

• నాకు అన్నిటికంటే భయం బురదంటేనే. నీళ్లు తగ్గిన అంచు పైన పెచ్చుకట్టి, బీటలువారి గట్టినేలలా కనిపిస్తుంది. అడుగేస్తే మోకాలిదాకా దిగిపోతారు. కాలు లాగితే బూటు లోపలే ఉండిపోతుంది. కర్రతో పొడిచి చూస్తూ నడవండి, ఒంటరిగా మాత్రం వద్దు. కుక్క కూడా అందులో తొందరగా అలసిపోతుంది, పాపం. దానికి తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

• ఎండుగడ్డిలో బండి ఆపకండి. వేడెక్కిన సైలెన్సర్ తగిలినా అంటుకుంటుంది.

• మెడ వాల్చేసి ఎగరలేకపోతున్న బాతులు కనిపిస్తే బొటులిజం (బాక్టీరియా విషం వల్ల వచ్చే జబ్బు) కావచ్చు. వాటిని తినొద్దు, కుక్కను దగ్గరికి పోనివ్వొద్దు.

• లైసెన్సు, 16 ఏళ్లు నిండితే ఫెడరల్ డక్ స్టాంప్ (నీటిపక్షుల వేటకు అక్కడి కేంద్ర ప్రభుత్వం అమ్మే అనుమతి స్టాంపు) ఉండాలి. సీసం గుళ్లు నీటిపక్షుల వేటలో 1991 నుంచి అమెరికా అంతటా నిషేధం. స్టీలువే పెట్టుకోండి.