ఫుడ్ డెలివరీలో చేరుతున్నారా? ముందు కిలోమీటరు లెక్క చూసుకోండి

హైదరాబాద్‌లో స్విగ్గీ, జొమాటో లాంటి వాటిలో చేరడం కష్టమేమీ కాదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, బండి ఆర్‌సీ, బ్యాంకు ఖాతా దగ్గర పెట్టుకుంటే చాలావరకు ఫోన్‌లోనే అయిపోతుంది. లైసెన్స్ లేకపోతే ముందు లెర్నింగ్ తీసుకోండి. ఆ తర్వాత 30 రోజులు ఆగితేనే టెస్టుకు రానిస్తారు. ఈలోగా తెలిసినవాళ్ల ఐడీతో మాత్రం బండెక్కకండి. ఏదైనా జరిగితే కంపెనీ ఇచ్చే బీమా మీకు వర్తించదు.

ఇక అసలు సంగతి. బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తోంది, పెట్రోలు 108 రూపాయలు అనుకుందాం. కిలోమీటరుకు 2.40 పడుతుంది. టైర్లు, ఇంజిన్ ఆయిల్, చైన్, బ్రేకుల కోసం ఇంకో రూపాయి కలపండి. ఇప్పుడు ఒక ఆర్డర్ చూద్దాం. హోటల్ దాకా 2 కిలోమీటర్లు, అక్కడి నుంచి కస్టమర్ ఇంటికి 6. మళ్లీ హోటళ్లుండే చోటికి ఖాళీగా రావడానికి ఇంకో 6. మొత్తం 14 కిలోమీటర్లకు దాదాపు 48 రూపాయల ఖర్చు. యాప్ 60 ఇస్తే మిగిలేది 12 రూపాయలే! తిరుగు ప్రయాణాన్ని లెక్కలో వేసుకోకపోవడం వల్లే నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు. అందుకే మొదటి వారం రోజూ పొద్దున, రాత్రి మీటర్ రీడింగ్ పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఏ ఏరియాలో, ఏ టైమ్‌లో గిట్టుబాటు అవుతోందో మీకే తెలిసిపోతుంది. ఇన్సెంటివ్‌కు (ఇన్ని ఆర్డర్లు పూర్తి చేస్తే ఇచ్చే అదనపు డబ్బుకు) ఒక్క ఆర్డరే తక్కువైందని అర్ధరాత్రి వానలో బండి ఉరికించకండి, ఆ డబ్బు ఆసుపత్రి ఖర్చుకు ఏ మూలకూ చాలదు.

కౌంటర్ దగ్గర పేరు కాదు, ఆర్డర్ నంబరు సరిచూసుకోండి. బిర్యానీ అయితే సాలన్, రైతా ప్యాకెట్ల ముడులు ఒకసారి తడిమి చూసి, డబ్బా పక్కకు ఒరగకుండా బ్యాగులో అడుగున పెట్టండి. సాలన్ కారిందంటే మాట పడేది మీరే. గేటెడ్ కమ్యూనిటీ అయితే బయల్దేరేటప్పుడే ఫోన్ చేసి, ఏ గేటు నుంచి రావాలో, టవర్ ఏదో అడిగేయండి.

క్యాష్ ఆర్డర్ల డబ్బు ఇంటి ఖర్చుల్లో కలపకుండా ఏ రోజుకారోజు కంపెనీకి జమ చేసేయండి. కంపెనీ నుంచి అంటూ ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పొద్దు. అలా మోసపోయి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. మీలా యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమాను తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటించింది. మీ బండి పాలసీ డెలివరీ పనికి వర్తిస్తుందో లేదో ఇన్సూరెన్స్ వాళ్లను ముందే అడగండి. ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేశాక, అప్పుడు నడుస్తున్న ఆర్డర్ స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. మీరు డ్యూటీలో ఉన్నారని చూపడానికి అది పనికొస్తుంది. ఆసుపత్రి బిల్లులు ఒక్కటి కూడా పారేయకండి.