ఫ్రీస్టైల్ నేర్చుకుందాం – 4: చెయ్యి ఎక్కడ పడాలి, భుజం ఎలా నిలవాలి

పోయిన పాఠంలో నీళ్ల మీద ఒళ్లు తేలిగ్గా చాపడం చూశాం. ఈసారి చేతుల సంగతి. బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్లు తల పైకెత్తి బారలు వేస్తూ ఎంతసేపైనా ఈదుతారు, అదే పూల్‌లోకి దిగి వరసగా నాలుగు లెంగ్త్‌లు (పూల్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒక లెంగ్త్) ఫ్రీస్టైల్ కొట్టమంటే భుజం పట్టేసిందంటారు. చాలామందిలో లోపం బలంలో కాదు, చెయ్యి పడే చోట ఉంటుంది.

కుడి చెయ్యి కుడి భుజానికి సూటిగా ముందు పడాలి. అది తల ముందు నుంచి ఎడమ పక్కకి దాటితే నడుము పాములా మెలికలు తిరుగుతుంది, వేగం పోతుంది. ముందు వేళ్ల కొనలు మునగాలి, తర్వాత మణికట్టు, ఆ తర్వాతే మోచేయి. బొటనవేలు ముందు దించమని కొందరు కోచ్‌లు ఇప్పటికీ చెబుతారు, నేనైతే వద్దంటాను: అలా దించితే భుజం లోపలికి తిరిగి కీలులోని స్నాయువు నలుగుతుంది, రోజూ వందల బారలు అలాగే వేస్తే నొప్పి రాక ఏమవుతుంది?

వేళ్లు బిగించకండి, కాస్త సందున్నా ఫర్వాలేదు.

అసలు కిటుకు చెయ్యి ముందుకు చాచాక ఉంది. చాలామంది అక్కడ నీటిని కిందికి నొక్కేస్తారు, దాంతో ఛాతీ పైకి లేస్తుంది తప్ప మనిషి ముందుకు పోడు. మోచేతిని పైనే ఉంచి, వేళ్లు పూల్ అడుగు వైపు వంచి, అరచెయ్యి, ముంజేయి రెండూ కలిపి నీటిని వెనక్కి తొయ్యాలి. పిడికిలి బిగించి ఒక లెంగ్త్, చెయ్యి తెరిచి ఇంకో లెంగ్త్ ఈదండి, ముంజేయి ఎంత పని చేస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక భుజం. ఆ కీలులో ఎముక కూర్చునే గుంటకి లోతు తక్కువ, అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, నిలకడ తక్కువ కూడా అందుకే. దాన్ని పట్టి ఉంచేది రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల గుంపు. గట్టు మీద రెండు కసరత్తులు చాలు. గోడకి చేతులు ఆనించి, మోచేతులు వంచకుండా వీపు మీది రెక్క ఎముకల్ని దగ్గరికి తెచ్చి మళ్లీ దూరం చెయ్యడం ఒకటి. చంకలో మడిచిన తువ్వాలు పెట్టి, మోచేతిని నడుముకి ఆనించి, రబ్బరు బ్యాండ్‌ని బయటికి లాగడం రెండోది. ఒక్కోటి 15 సార్లు, మెల్లగా. ఈతకి ముందు అలసిపోయేంత చెయ్యొద్దు.

రాత్రి నొప్పి ఉన్న భుజం పక్కకి తిరిగి పడుకోలేనంత నొప్పి ఉంటే మాత్రం పూల్ మానేసి ఫిజియోని కలవండి. వచ్చే పాఠంలో ఊపిరి తీసుకోవడం చూద్దాం, ఈ వారం పిడికిలి ఈతే మీ హోంవర్క్.