ఇంటి మెట్లు – మూడో పాఠం: సెంట్రింగ్ కొట్టకముందు గోడ మీద గీత

మొదటి రెండు పాఠాల్లో పేర్లు, రకాలు అయిపోయాయి. కాలు పెట్టేది ట్రెడ్, నిలువుగా లేచేది రైజర్, ట్రెడ్ ముందుకు పొడుచుకొచ్చే అంచు నోజింగ్, మెట్లన్నిటినీ మోసే ఏటవాలు పలక వెయిస్ట్ స్లాబు, మలుపులో వచ్చే చదును ల్యాండింగ్, ఆగకుండా ఎక్కే ఒక వరుస ఫ్లైట్. ఈ ఆరూ నోటికి వస్తే చాలు. ఈసారి లెక్క, ఆ తర్వాత ఆ లెక్కను గోడ మీదికి దించడం. టేపు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఉదాహరణకు నెల్లూరు జిల్లా కావలిలో కడుతున్న ఒక ఇల్లు తీసుకుందాం. రెండు ఫ్లైట్లు, మధ్యలో ఒక ల్యాండింగ్, అంటే డాగ్ లెగ్ రకం. కింద బెడ్ కాంక్రీటు పైనుంచి పై స్లాబు పైభాగం వరకు 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 126 అంగుళాలు. 18తో భాగిస్తే ఒక్కో రైజర్ సరిగ్గా 7 అంగుళాలు వస్తుంది. ట్రెడ్ 10 అంగుళాలు వేద్దాం. ఇళ్లకు రైజర్ 190 మిల్లీమీటర్లు దాటకూడదు, ట్రెడ్ 250కి తగ్గకూడదు అని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మనవి 178, 254. ఇబ్బంది లేదు.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. రైజర్‌ను రెండింతలు చేసి ట్రెడ్ కలిపితే 24 అంగుళాల దగ్గర రావాలి. 7, 7, 10 కలిపితే 24. ఇది 17వ శతాబ్దంలో ఫ్రాన్సువా బ్లాండెల్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి చెప్పిన సూత్రం. చదునుగా నడిచేటప్పుడు అడుగు ఎంత పడుతుందో చూసి, పైకి లేచే ప్రతి అంగుళానికీ ముందుకు వేసే అడుగులో రెండంగుళాలు తగ్గించాలని ఆయన లెక్క. అందుకే రైజర్ ఎత్తు పెరిగితే ట్రెడ్ తగ్గాలి. రెండూ పెంచితే మెట్లు దర్జాగా కనిపిస్తాయి గానీ మోకాళ్లు ఒప్పుకోవు.

ఇక్కడ ఇంటాయన అడ్డు తగులుతాడు. "18 సరి సంఖ్య కదా మేస్త్రీ, బేసి రావాలి." మన జిల్లాలో ఈ మాట రాని ఇల్లు ఉండదు. గొడవ పడక్కర్లేదు. ఏం లెక్కపెడుతున్నారో అడగండి. రైజర్లు 18 అయినా కాలు పెట్టే చోట్లు 17 మాత్రమే: కింది ఫ్లైట్‌లో 8 ట్రెడ్‌లు, ల్యాండింగ్ ఒకటి, పై ఫ్లైట్‌లో 8. పద్దెనిమిదో అడుగు పై అంతస్తు నేల మీద పడుతుంది, అది మెట్టు కాదు. చాలా ఇళ్లలో ఈ ఒక్క మాటతో విషయం తేలిపోతుంది. తేలకపోతే 17 రైజర్లకో 19కో మార్చండి. 17 అయితే ఒక్కోటి 188 మిల్లీమీటర్లు, నియమావళి గీత దాకా వెళ్లిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే 19 నయం, మెట్టు ఆరున్నర అంగుళాల పైచిలుకు వస్తుంది. కాకపోతే ఒక ట్రెడ్ చోటు అదనంగా కావాలి. ఏది చేసినా కొలత ప్రకారం చేయండి. లెక్క కలవాలని చివర్లో ఒక పిల్ల మెట్టు ఇరికించడానికి మాత్రం ఒప్పుకోవద్దు.

ఇప్పుడు అసలు పాఠం. సొంతంగా కట్టించుకున్న ఇళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: మొదటి మెట్టు పొట్టి, చివరి మెట్టు పొడుగు. మధ్యవన్నీ బాగానే ఉంటాయి. మేస్త్రికి కొలవడం రాక కాదు, ఆయన కొలిచింది టైల్స్ పడని పచ్చి కాంక్రీటును. మనం నడిచేది టైల్స్ మీద, గ్రానైట్ మీద.

మన ఇంట్లో కిందా పైనా నేలకు మాలు (సిమెంటు, ఇసుక కలిపింది), టైల్ కలిపి 3 అంగుళాలు వస్తుందనుకోండి. మెట్ల మీద మాలు, గ్రానైట్ కలిపి ఒకటిన్నర అంగుళం. కాంక్రీటులో 18 రైజర్లూ 7 అంగుళాలే పోశారు. పని పూర్తయ్యాక కింది నేల 3 అంగుళాలు లేచింది, మొదటి మెట్టు ఒకటిన్నరే లేచింది. కాబట్టి మొదటి రైజర్ ఐదున్నరకు పడిపోయింది. పైన దీనికి ఎదురు: ఆఖరి మెట్టు ఒకటిన్నర లేస్తే పై నేల 3 లేచింది, చివరి రైజర్ ఎనిమిదిన్నర అయింది. పదహారు మెట్లు 7 అంగుళాల చొప్పున ఎక్కిన కాలు చివరిదైన పద్దెనిమిదోది కూడా అంతే అనుకుని లేస్తుంది. ఎక్కేటప్పుడు నోజింగ్‌కూ పాదానికీ మధ్య సందు చాలా తక్కువ, చూసుకుని ఎవరూ ఎక్కరు. ఒకటిన్నర అంగుళం తేడా వస్తే బొటనవేలు తగులుతుంది. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం, ఎందుకంటే పొడుగు మెట్టు పైనే ఉంది.

విరుగుడు తేలికే. కాంక్రీటులో మొదటి రైజర్‌ను ఎనిమిదిన్నర పోయండి, చివరిదాన్ని ఐదున్నర, మధ్యలో పదహారూ 7. మొత్తం అదే 126. సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోయడానికి కట్టిన అచ్చు, విప్పినప్పుడు చూసినవాళ్లు "ఇదేంది, మొదటి మెట్టు ఇంతుంది" అంటారు. అననివ్వండి. టైల్స్ పడ్డాక అన్నీ 7 అవుతాయి.

గుర్తుంచుకోవడానికి ఒక వరుస చెబుతాను. పని పూర్తయిన రైజర్‌కు కింది నేల మందం కలిపి, మెట్టు మందం తీసేస్తే కాంక్రీటులో మొదటి రైజర్. పూర్తయిన రైజర్‌లో పై నేల మందం తీసేసి, మెట్టు మందం కలిపితే చివరిది. దీనికి ముందే ఏ టైల్, ఏ రాయి అన్నది ఇంటివాళ్లు తేల్చాలి. "అది తర్వాత చూద్దాంలే" అంటే పని ఆపండి. రాయి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా: చీమకుర్తి గెలాక్సీ పక్కనే దొరుకుతుందని బయటి మెట్లకు కూడా అద్దంలా పాలిష్ చేసినదే వేస్తున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో దాని మీద నిలబడడం కష్టం. బయట గరుకు రాయి వేయండి, అంచుకు గాళ్లు తీయించండి, నీళ్లు నిలవకుండా ప్రతి ట్రెడ్‌కూ ముందుకు కొద్దిగా వాటం ఇవ్వండి.

గీత గీయడం. ముందు నీళ్ల ట్యూబుతో లెవెల్ పట్టి, కింద టైల్ పైభాగం ఎక్కడ వస్తుందో గోడ మీద గుర్తు పెట్టండి. పైనా అలాగే. ఆ రెండు గుర్తుల మధ్య ఎత్తే మన అసలు ఎత్తు, దాన్నే 18 భాగాలు చేయాలి. ఒక మెట్టు కొలిచి, దాని మీద ఇంకోటి కొలిచి పోకండి. ఒక్కోదానికి రెండు మిల్లీమీటర్లు జారినా పైకి వెళ్లేసరికి అంగుళం దాటుతుంది. టేపును కింద ఒకే చోట ఆనించి 7, 14, 21, 28 అని 126 దాకా ఒకే ఊపున గుర్తులు పెట్టండి. అంగుళాల్లో చిల్లర వస్తే మిల్లీమీటర్లకు మారండి. అడ్డంగా కూడా అంతే: 10, 20, 30 అని 80 దాకా. ఈ పూర్తి మెట్ల గీతకు కింద మెట్టు మందం తగ్గించి ఇంకో రంగు సుద్దతో కాంక్రీటు మెట్ల గీత గీయండి.

తర్వాత వెయిస్ట్ స్లాబు. మందం ఎంతన్నది మీ ఇంజనీరు చెప్పాలి, మనం 5 అంగుళాలు అనుకుందాం. కాంక్రీటు మెట్ల లోపలి మూలలన్నిటినీ కలుపుతూ ఒక దారం లాగండి. ఆ దారం నుంచి 5 అంగుళాలు కిందికి కొలవాలి. కిందికి అంటే నేల వైపు నిలువుగా కాదు, దారానికి మూలమట్టం ఆనించి. నిలువుగా కొలిస్తే మన వాలుకు నిజమైన మందం నాలుగు అంగుళాల పైచిలుకే వస్తుంది, దాదాపు ఒక అంగుళం స్లాబు ఎగిరిపోతుంది. నిలువుగానే కొలుస్తానని మేస్త్రి పట్టుబడితే 6 అంగుళాల ఒక నూలు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) కొలవమనండి. దారానికి కింద అలా కొలిచి గీసిన వాలు గీతే సెంట్రింగ్ ప్లైవుడ్ పైభాగం.

ల్యాండింగ్ కింద బాత్రూం అడిగేవాళ్లుంటారు. తొమ్మిదో మెట్టు ఎత్తు 63 అంగుళాలే, అందులో స్లాబు మందం పోతే మనిషి వంగి నిలబడాలి. అక్కడ ఇన్వర్టరో మోటారో పెట్టుకోమని చెప్పండి.

ఇంటి పని: ఒక ఇంట్లో పచ్చి కాంక్రీటు నుంచి పచ్చి కాంక్రీటుకు 3150 మిల్లీమీటర్లు. కింది నేల మందం 50, పై నేల మందం 70, మెట్ల మందం 40. రైజర్లు 18. పూర్తయిన రైజర్, కాంక్రీటులో మొదటిది, చివరిది ఎంతెంత? కాంక్రీటు రైజర్లన్నీ కూడితే మళ్లీ 3150 రావాలి, రాకపోతే ఎక్కడో మందాన్ని కలపాల్సిన చోట తీసేసి ఉంటారు.

నాలుగో పాఠం రాడ్ల గురించి. ఫ్లైట్ పైకి వెళ్లి ల్యాండింగ్‌ను కలిసే మలుపులో అడుగున ఉండే రాడ్డును వంచి అలాగే ల్యాండింగ్ అడుగున తీసుకెళ్లకూడదు. బరువు పడినప్పుడు అది తిన్నగా అవ్వాలని చూసి కింది కవర్‌ను, అంటే రాడ్డును కప్పే కాంక్రీటు పొరను, ఊడగొడుతుంది. రెండు వైపుల రాడ్లూ ఒకదాన్నొకటి దాటి ఎదుటి స్లాబు పైభాగంలోకి ఎలా పోవాలో బొమ్మతో చూద్దాం. ఈలోగా మీ వీధిలో ఎక్కడైనా మెట్లకు రాడ్లు కడుతుంటే, కాంక్రీటు పోయకముందే వెళ్లి ఆ పై మలుపును ఫోన్‌లో ఫోటో తీసుకోండి.