కడప నుంచి తిరుపతి జూకి: పులి పడుకోకముందే చేరండి
కడపలో జూ లేదు కాబట్టి మనకు దగ్గర్లో ఉన్నది తిరుపతి జూనే, 1987లో మొదలైంది. తెల్లారకముందే రాజంపేట, కోడూరు మీదుగా పోయే బస్సు పట్టుకోండి, ఎందుకంటే ఎండ ముదిరాక పులి నీడలో పడుకుని తోక కూడా కదపదు (పోయినసారి మేం పదకొండుకు చేరి దాని వీపు చూసి వచ్చాం). జూకి సెలవురోజు ఏదో ముందే కనుక్కోండి. లోపల అన్నీ చూసేయాలని పరుగెత్తొద్దు, చాలా పెద్ద స్థలం, పిల్లలు సగంలోనే చంకెక్కుతారు. నాలుగైదు ఎన్‌క్లోజర్లు ఎంచుకుని ఒక్కోచోట పావుగంట మాట్లాడకుండా నిలబడండి, అదృష్టం బాగుంటే ఎలుగుబంటి చీమలూ చెదల కోసం మట్టి తవ్వడం కనిపిస్తుంది. ఈలలు వేయొద్దు. తెచ్చుకున్న చిత్రాన్నం మీరే తినండి, కోతికి పెట్టొద్దు. ఎండ తగ్గాక, మూసేలోపు, పులి దగ్గరికి మళ్లీ పోండి.