మైక్రోకంట్రోలర్‌కు పైథాన్‌లో ప్రోగ్రామ్ రాయడం ఎలా?

మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్) లోపల ఉండి నడిపే ఎంబెడెడ్ పరికరాలకు సీ భాషే గతి అన్న అభిప్రాయం ఇప్పటికీ బలంగానే ఉంది. కానీ 2013లో డేమియన్ జార్జ్ ప్రారంభించిన మైక్రోపైథాన్‌కు (మైక్రోకంట్రోలర్ల కోసం కుదించిన పైథాన్) 256 కిలోబైట్ల ఫ్లాష్ (ప్రోగ్రామ్ నిలవ ఉండే చోటు), 16 కిలోబైట్ల ర్యామ్ (నడిచేటప్పుడు వాడే మెమరీ) ఉన్న చిప్ సరిపోతుంది. అయితే కంప్యూటర్ మీద రాసే అలవాటుతోనే ఇక్కడా రాస్తే, బల్ల మీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్ కొన్ని రోజుల తరువాత కారణం తెలియకుండా ఆగిపోతుంది.

అందువల్ల బోర్డు కొనడానికి ముందే, మీ పరికరం ఎంత వేగంగా స్పందించాలో రాసుకోండి. ఉష్ణోగ్రత నమోదు, మోటారు స్విచ్ వంటి పనులకు పైథాన్ ధారాళంగా చాలుతుంది. మైక్రోసెకన్ల ఖచ్చితత్వం తప్పనిసరైన చోట మాత్రం చాలదు, ఎందుకంటే వాడని మెమరీని ఏరివేసే గార్బేజ్ కలెక్టర్ మధ్యలో కొన్ని మిల్లీసెకన్లు తీసుకోవచ్చు.

బోర్డు ఎంపికలో ర్యామ్‌నే ముందు చూడండి. ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డులోని చిప్‌కు 2 కిలోబైట్లే ఉన్నందున అది పనికిరాదు. 264 కిలోబైట్లున్న రాస్ప్‌బెర్రీ పై పికో నేర్చుకోవడానికి అనువైనది.

పికోపై ఉన్న బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ కేబుల్ కలిపితే అది పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులోకి మైక్రోపైథాన్ యూఎఫ్2 ఫైల్‌ను (బోర్డులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైల్) కాపీ చేయగానే బోర్డు తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. పికోకు, వైర్‌లెస్ ఉన్న పికో డబ్ల్యూకు ఫైళ్లు వేరు. ఎల్ఈడీ కూడా మొదటిదానిలో 25వ పిన్‌కు, రెండవదానిలో వైర్‌లెస్ చిప్‌కు కలిపి ఉంటుంది.

తరువాత కంప్యూటర్‌లో థానీ (Thonny) అనే పైథాన్ ఎడిటర్ తెరిచి, ఒక్కొక్క ఆదేశాన్నీ టైప్ చేసి ఫలితం చూడండి. కంపైల్ చేసి ఎక్కించే పని లేకుండా సెన్సర్‌తో నేరుగా మాట్లాడగలగడమే, నా దృష్టిలో, ఈ పద్ధతికి అసలు బలం.

ఇక మెమరీ విషయానికి వద్దాం. ఎక్కువ ప్రాజెక్టులు తడబడేది ఇక్కడే. లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త స్ట్రింగులు, లిస్టులు సృష్టిస్తే ఖాళీ స్థలం ముక్కలు ముక్కలైపోయి, మొత్తం మీద చోటున్నా ఒక పెద్ద బఫర్‌కు (డేటాను తాత్కాలికంగా ఉంచే చోటు) దొరకక మెమరీఎర్రర్ వస్తుంది. కాబట్టి కావలసిన బైట్‌అరేను (బైట్ల వరుసను) లూప్‌కు ముందే ఒకసారి సృష్టించుకుని, సెన్సర్ విలువలను ప్రతిసారీ అందులోకే చదవండి. గార్బేజ్ కలెక్టర్‌ను నడిపే జీసీ మాడ్యూల్‌లోని కలెక్ట్ ఫంక్షన్‌ను తీరిక ఉన్న చోట మీరే పిలవండి. మిగిలిన మెమరీని గంటల తరబడి ముద్రించి చూస్తే అది క్రమంగా తరుగుతోందో లేదో తేలిపోతుంది.

బటన్ నొక్కడం వంటి సంఘటన జరగగానే నడుస్తున్న పనిని ఆపి వెంటనే నడిచే హార్డ్ ఇంటరప్ట్ ఫంక్షన్లలో కొత్త మెమరీ అడగడం నిషిద్ధం. దశాంశ సంఖ్యను లెక్కించినా మెమరీ అవసరమవుతుంది కనుక, అక్కడ ఒక ఫ్లాగ్ (సంఘటన జరిగిందని గుర్తుపెట్టే వేరియబుల్) మార్చి, లెక్కను ప్రధాన లూప్‌కు వదిలేయండి.

ఏదైనా భాగం నెమ్మదిగా ఉందనిపిస్తే ముందు టైమ్ మాడ్యూల్‌లోని టిక్స్ ఫంక్షన్లతో కాలాన్ని కొలవండి. ఆ ఒక్క ఫంక్షన్‌కే నేటివ్ లేదా వైపర్ డెకరేటర్ (ఫంక్షన్‌ను నేరుగా యంత్ర సంకేతంగా మార్చమని దాని పైన రాసే గుర్తు) తగిలించండి. అదీ చాలకపోతే ఆ ముక్కను మాత్రమే సీలో రాయండి.

అంతా సిద్ధమయ్యాక ప్రోగ్రామ్‌ను మెయిన్ డాట్ పీవై పేరుతో బోర్డులో సేవ్ చేస్తే, విద్యుత్ అందగానే నడుస్తుంది. ప్రోగ్రామ్ గడువులోగా సంకేతం ఇవ్వకపోతే బోర్డును రీసెట్ చేసే వాచ్‌డాగ్ టైమర్‌ను అన్నిటికన్నా చివర చేర్చండి. పికోలో దాని గరిష్ఠ గడువు 8 సెకన్లకు కాస్త ఎక్కువ. ఒకసారి మొదలైతే ఆపడం కుదరదు కనుక, ముందే పెట్టుకుంటే మీరు తప్పులు దిద్దుతుండగానే బోర్డు రీసెట్ అవుతూ ఉంటుంది.