ఆఫీసు ప్రాజెక్టుకు అరుదైన ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకోవడం ఎలా?

జావా, పైథాన్ తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతారు. ఎలిక్సిర్, క్లోజర్, ఓకామ్ల్ వచ్చినవాళ్ల కోసం వెతుక్కోవాలి. అయినా ఈ భాషల మీద పెద్ద వ్యాపారాలే నడుస్తున్నాయి. బ్రెజిల్‌కు చెందిన నూబ్యాంక్ క్లోజర్ వాడుతుంది, న్యూయార్క్ ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ ఓకామ్ల్ వాడుతుంది, డిస్కార్డ్ చాట్ వెనుక ఎలిక్సిర్ ఉంది. మీ ఆఫీసుకు అలాంటి భాష సరిపోతుందో లేదో తేల్చుకునే పద్ధతిని ఎలిక్సిర్ ఉదాహరణతో చూద్దాం.

1. సమస్యను ఒక్క వాక్యంలో, అంకెతో రాయండి

"మాకు ఎలిక్సిర్ కావాలి" అంటే అది కోరిక. "ఒకేసారి 50 వేల ఫోన్లు కనెక్షన్ తెరిచి ఉంచితే సర్వర్ మెమరీ చాలడం లేదు" అంటే అది సమస్య. ఆ వాక్యం రాసుకున్నాక, ఇప్పుడున్న భాషలోనే దాన్ని సరిచేయడానికి ఒక వారం గట్టిగా ప్రయత్నించండి. నెమ్మదికి అసలు కారణం ఇండెక్స్ లేని డేటాబేస్ టేబుల్ అయితే, భాష మార్చినా ఆ నెమ్మది అలాగే ఉంటుంది.

2. ఆ భాష ఏ పని కోసం పుట్టిందో చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఎలిక్సిర్ నడిచేది ఎర్లాంగ్ అనే పాత భాష వర్చువల్ మెషీన్ (కోడ్‌ను నడిపించే పొర) మీద. ఎర్లాంగ్ 1980లలో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో, టెలిఫోన్ పరికరాల కోసం పుట్టింది. ఒక కాల్ తెగినా పక్క కాల్‌కు తెలియకూడదన్నది అక్కడి అవసరం. అందుకే ఇందులో ఒక్కో ప్రాసెస్ (విడిగా నడిచే చిన్న పని) రెండు మూడు కిలోబైట్లతోనే మొదలవుతుంది, ఒకటి కూలితే సూపర్‌వైజర్ (మిగతావాటిని కనిపెట్టుకుని ఉండే ప్రాసెస్) దాన్ని మళ్లీ లేపుతుంది. 2012లో వాట్సాప్ ఒకే సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టింది ఎర్లాంగ్‌తోనే. చాట్, నోటిఫికేషన్లు, డెలివరీ బండ్ల ట్రాకింగ్ లాంటి పనులకు ఇది అచ్చంగా అతుకుతుంది.

బరువైన లెక్కలకు మాత్రం కాదు. డిస్కార్డ్ కూడా లక్షల మంది సభ్యుల జాబితాను క్రమంలో ఉంచే భాగాన్ని రస్ట్ అనే భాషలో రాసి ఎలిక్సిర్‌కు తగిలించింది. ఇలా తగిలించే నేటివ్ కోడ్‌తో, అంటే ప్రాసెసర్ మీద నేరుగా నడిచే కోడ్‌తో, రెండు ప్రమాదాలున్నాయి. ఒక్కో పిలుపు సుమారు 1 మిల్లీసెకనులో ముగియకపోతే షెడ్యూలర్ (ప్రాసెస్‌లకు వంతులు వేసేది) ఇరుక్కుని మిగతా ప్రాసెస్‌లు ఆగుతాయి. ఆ కోడ్ క్రాష్ అయితే సూపర్‌వైజర్‌తో సహా మొత్తం వర్చువల్ మెషీన్ పడిపోతుంది.

రాయడానికి ముచ్చటగా ఉందన్న ఒక్క కారణంతో మాత్రం భాషను తేకండి. డ్రాప్‌బాక్స్ 2012లో బ్రౌజర్ కోడ్‌ను జావాస్క్రిప్ట్ నుంచి, రాయడానికి సులువైన కాఫీస్క్రిప్ట్‌లోకి మార్చింది. అందులోని సౌకర్యాలు చాలావరకు 2015 నాటికి జావాస్క్రిప్ట్‌లోకే వచ్చేశాయి. 2017లో ఆ కోడ్‌నంతా టైప్‌స్క్రిప్ట్‌లోకి మార్చుకోవాల్సి వచ్చింది.

3. బయటి సేవల జాబితా వేయండి

మీ సాఫ్ట్‌వేర్ మాట్లాడే ప్రతి బయటి సేవనూ కాగితం మీద రాసి, ఎదురుగా లైబ్రరీ పేరు, చివరి విడుదల తేదీ రాయండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఎలిక్సిర్‌లో ఎక్టో లైబ్రరీ ఉంది, బెంగ లేదు. అమెజాన్ క్లౌడ్‌కు అధికారిక కిట్ (ఆ సేవవాళ్లే ఇచ్చే లైబ్రరీ) లేదు, వాడకందారులు రాసినవే దిక్కు. పేమెంట్ గేట్‌వేకు కిట్ లేకపోతే నేరుగా ఏపీఐని పిలవవచ్చు. కానీ వెబ్‌హుక్ (గేట్‌వే మన సర్వర్‌కు తనంతట పంపే సమాచారం) సంతకం దగ్గర జాగ్రత్త: గేట్‌వే పంపిన అసలు బైట్ల మీదే సంతకాన్ని సరిచూడాలి. ఎలిక్సిర్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫీనిక్స్, జేసాన్ (JSON) రూపంలో వచ్చే ఆ సమాచారాన్ని ముందే విప్పేస్తుంది. దాన్ని మళ్లీ జేసాన్‌గా కట్టి సరిచూస్తే ఒక్క ఖాళీ తేడా వచ్చినా సంతకం కలవదు. పార్సర్‌కు మీ సొంత బాడీ రీడర్ ఇచ్చి, అసలు ప్రతిని దాచుకోండి.

4. ఆపేసినా కొంప మునగని చిన్న సేవతో మొదలుపెట్టండి

ఇద్దరు మనుషులు, మూడు వారాలు, నోటిఫికేషన్లు పంపే సేవ లాంటిది చాలు. డబ్బు ముట్టుకునే సేవ వద్దు. కోడ్ రాయడం మొదటి వారంలోనే అయిపోవాలి, మిగతా రెండు వారాలు ప్రొడక్షన్‌కే కేటాయించండి. తిప్పలు ఎదురయ్యేది అక్కడే.

మాక్ మీద కట్టిన రిలీజ్ (సర్వర్‌కు పంపే తయారు ప్యాకేజీ) లినక్స్ సర్వర్ మీద లేవదు, ఎందుకంటే అందులో ఎర్లాంగ్ రన్‌టైమ్ కూడా కలిసి ఉంటుంది. డెబియన్ కంటైనర్‌లో కట్టి ఆల్పైన్‌లో నడిపినా అంతే, రెండూ లినక్స్ రకాలే అయినా వాటి సీ లైబ్రరీలు వేరు. కాబట్టి కట్టేదీ నడిపేదీ ఒకే బేస్ ఇమేజ్ మీద పెట్టండి. ఇంకో పొరపాటు: డేటాబేస్ పాస్‌వర్డ్‌ను మామూలు కాన్ఫిగ్ ఫైల్లో ఎన్విరాన్‌మెంట్ నుంచి చదివితే, అది బిల్డ్ సమయంలోని విలువతోనే ముద్రపడిపోతుంది. సర్వర్‌లో మార్చినా పట్టించుకోదు. అలాంటివి రన్‌టైమ్ కాన్ఫిగ్ ఫైల్లో ఉండాలి.

మూడో వారంలో ఒక సర్వర్‌ను కావాలని పడగొట్టి, ఆ కోడ్ రాయని మనిషిని లాగ్‌లు చూసి కారణం కనుక్కోమనండి. అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు పరిస్థితి అదే.

5. మనుషుల లెక్క

ఈ భాషలో పనిచేయగలవాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. ఇద్దరే ఉంటే ఒకరు సెలవులో ఉన్న రోజు రెండోవాళ్లు రాజీనామా ఇవ్వవచ్చు. అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటామని పట్టుబట్టకండి. రూబీ, జావా బాగా వచ్చినవాళ్లకు నేర్పించడమే త్వరగా తెమిలే దారి. సింటాక్స్ రెండు వారాల్లో పట్టుబడుతుంది. ప్రాసెస్‌లు, సూపర్‌వైజర్ల చెట్టు గురించి ఆలోచించడం అలవాటు కావడానికి రెండు మూడు నెలలైనా ఇవ్వండి. అప్‌గ్రేడ్‌లకూ సమయం కేటాయించాలి: ఎలిక్సిర్ సుమారు ఆరు నెలలకో వెర్షన్ వస్తుంది, మామూలు బగ్‌ల సవరణలు తాజా వెర్షన్‌కే దక్కుతాయి.

6. వెనక్కి వచ్చే దారి ముందే కట్టండి

"ఆరు నెలల్లో మూడో మనిషి తయారుకాకపోతే ఆపేస్తాం" లాంటి షరతును తేదీతో సహా రాసి మేనేజర్‌తో ఒప్పించుకోండి. కొత్త సేవ మిగతావాటితో హెచ్‌టీటీపీ, జేసాన్ ద్వారానే మాట్లాడాలి. ఎర్లాంగ్‌కు సొంత బైనరీ ఫార్మాట్ ఉంది, వాడటం సులువు కాబట్టి రెడిస్‌లోనో డేటాబేస్‌లోనో అలాగే దాచేయాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. రేపు ఆ సేవను జావాలో తిరిగి రాసేవాళ్లు ముందు ఆ డేటానంతా మార్చుకోవాల్సి వస్తుంది.