వంశం చూసి ఆవుకు లక్షలు పెట్టేముందు వేసుకోవలసిన లెక్క

ఒక పాడి ఆవుకు రెండు మూడు లక్షలు చెబుతున్నారంటే, ఆ ధరలో పాలకు పడేది ఎంత, వంశానికి పడేది ఎంత అన్నది ముందుగా విడదీసుకోవాలి. 2009లో కెనడాలో మిస్సీ అనే హోల్‌స్టీన్ పాలజాతి ఆవును 12 లక్షల డాలర్లకు కొన్నారు. ఆ డబ్బు పాల కేంద్రం నుంచి తిరిగి వస్తుందని కొన్నవారెవరూ అనుకోలేదు. దాని పిండాలకూ, దానికి పుట్టే కోడెల వీర్యానికీ ఉన్న గిరాకీని చూసి పెట్టిన ధర అది. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరుతో నెలోర్‌గా స్థిరపడింది. ఆ జాతికి చెందిన వయాటినా-19 అనే ఆవు 40 కోట్ల రూపాయల ధర పలికిందని మన పత్రికలన్నీ రాశాయి. అయితే అక్కడ ఆ జాతిని పెంచేది మాంసం కోసం, అంత ధర పెట్టింది దాని అండాల కోసం. ఈ వార్తలు చూపించి మన ఊళ్లో ఆవు ధర పెంచే దళారి మాటను అక్కడే ఆపేయవచ్చు.

ఇక మన లెక్కకు వద్దాం. పూటకు ఏడు లీటర్ల చొప్పున రోజుకు 14 లీటర్ల దాకా వెళ్లే సంకర జాతి ఆవు 80 వేలకు దొరుకుతోందనీ, మంచి వంశమని చెప్పే 22 లీటర్ల ఆవుకు 2 లక్షల 80 వేలు అడుగుతున్నారనీ అనుకుందాం. పాలు బాగా ఉన్న రోజుల్లో ఇచ్చే దానిని 200తో గుణిస్తే ఆ ఈత మొత్తం పాలు సుమారుగా తెలుస్తాయి. ఆ ప్రకారం మొదటిది 2,800 లీటర్లు, రెండవది 4,400 లీటర్లు ఇస్తుంది; తేడా 1,600 లీటర్లు. కేంద్రంలో లీటరుకు 36 రూపాయలు వస్తే అదనంగా వచ్చేది 57,600 రూపాయలు. ప్రతి రెండున్నర లీటర్లకు ఒక కిలో దాణా చొప్పున 640 కిలోలు అదనంగా పెట్టాలి. కిలో 28 రూపాయలైతే దానికి 17,920 పోతుంది. మిగిలేది 39,680.

ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. అదనంగా పెట్టిన రెండు లక్షలకు నూటికి రూపాయి వడ్డీ వేసినా నెలకు 2,000 అవుతుంది. ఈతకూ ఈతకూ మధ్య 14 నెలలు పడితే 28,000. చేతిలో మిగిలేది పదకొండు వేల చిల్లర. అదనపు పచ్చిమేత, ఫ్యాన్లు, మందులు అందులోంచే రావాలి కాబట్టి అసలు తీరే మార్గం కనిపించదు. పాలను నేరుగా ఇళ్లకు లీటరు 70 రూపాయలకు పోసేవారి సంగతి వేరు: అదే లెక్కలో వడ్డీ పోను ఈతకు 66 వేలు మిగులుతాయి, మూడు ఈతల్లో అసలు దగ్గరకు వస్తుంది. అంటే ఆవు మంచిదా కాదా అన్నదానికన్నా ముందు, మీ పాలు ఎవరికి పోస్తున్నారన్నది తేల్చుకోవాలి.

“పాలు సరే, దాని కడుపున పుట్టే పెయ్య ఎంత విలువ చేస్తుందో చూడండి” అన్నది అమ్మేవారి తర్వాతి మాట. ఆవుకూ ఆవుకూ మధ్య పాలలో కనిపించే తేడాలో వంశం నుంచి వచ్చే భాగం సుమారు పావు వంతు నుంచి 30 శాతం వరకే ఉంటుంది. మిగిలినదంతా మేత, వాతావరణం, పోషణ మీద ఆధారపడుతుంది. ఒక్క ఈత రికార్డును బట్టి చూస్తే, తోటి ఆవుల కంటే 1,600 లీటర్లు ఎక్కువిచ్చిన దానిలో 30 శాతం వేసినా వంశబలంగా లెక్కకు తీసుకోదగినది 480 లీటర్లు. పెయ్యకు అందులో సగమే వస్తుంది కాబట్టి మిగిలేది 240. రెండు లక్షలు పెట్టి కొనుక్కునే వారసత్వం ఇంతే. కుమార్తెల పాలు కొలిచి ఎంపిక చేసిన ఆబోతు వీర్యం వందల రూపాయల్లో దొరుకుతుంది. సుమారు తొంభై శాతం పెయ్యదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యమూ ఉంది. నా వరకు, మంచి వంశాన్ని కొట్టంలోకి తెచ్చుకునే చౌకైన దారి అదే.

దూరం నుంచి తెచ్చేవాటితో మరొక చిక్కు ఉంది. పదేళ్ల కిందట పంజాబ్ నుంచి వచ్చిన ఒక ఆవును నేనే కొన్నాను. అక్కడ 24 లీటర్లన్నారు. లారీ దిగిన నెలకు 15కు చేరింది, ఏప్రిల్ ఎండల్లో నోరు తెరిచి రొప్పుతూ 11కు పడిపోయింది. అమ్మినవారు అబద్ధమాడారని ఇప్పటికీ అనను. అక్కడి చలికాలపు పాలను నేను ఇక్కడి వేసవికి కొన్నాను. విదేశీ రక్తం 50 నుంచి 62.5 శాతం మధ్య ఉన్న సంకరాలు మన ఎండలకు నిలబడతాయి; అంతకు మించితే నీటి తుంపరలు, ఫ్యాన్లు ఉన్న షెడ్డు ఖర్చును కూడా ఆవు ధరలోనే కలుపుకోవాలి.

ఇన్ని చూశాక కూడా కొనాలనుకుంటే, పరీక్షకు రెండు రోజులు కేటాయించాలి. ముందు రోజు సాయంత్రం మీ ఎదుటే పొదుగు పూర్తిగా ఖాళీ చేయించి, ఆ మరునాడు ఉదయం, సాయంత్రం వరుసగా రెండు పూటల పాలు తీయించాలి. ఒక పూట పితకకుండా పొదుగు బిగబట్టి చూపించడం సంతల్లో పాత విద్య. పాలను లీటరు గిన్నెతో కొలవనివ్వకండి. నురగతో కలిపి చూస్తే బకెట్ నిండుగానే కనిపిస్తుంది, కాబట్టి ఖాళీ బకెట్ తూకం తీసేసి కిలోల్లో రాసుకోవాలి. చేపు కోసం సూదిమందు వేస్తున్నారేమో కనిపెట్టాలి. నాలుగు చన్నుల నుంచీ మొదటి ధారలను నల్లగుడ్డ మీద పిండితే, పొదుగువాపు ఉన్నచోట తెల్లటి పలుకులు తేలిపోతాయి. పక్కన కట్టిన దూడ దానిదేనా కాదా అన్నది, విప్పి వదిలితే ఆవు నాకుతుందో తన్నుతుందో దాన్నిబట్టి తెలిసిపోతుంది. చూడి, బ్రూసెల్లోసిస్ (ఈసుకుపోయేలా చేసే అంటురోగం), క్షయ పరీక్షలను మీరు తీసుకెళ్లిన పశువైద్యునితోనే చేయించండి. వంశపత్రం చూపిస్తే అందులోని సంఖ్య, చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య ఒకటేనా చూసి, భారత్ పశుధన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో ఈతలు, ఎదకు వేసిన వీర్యపు సూదుల వివరాలు సరిపోల్చుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒక్క ఈతా నమోదు కాని ఆవుకు వంశం పేరుతో పైసా ఎక్కువ ఇవ్వనవసరం లేదు.

అధిక ధర గిట్టుబాటయ్యేది దూడలనే సరుకుగా పెట్టుకున్నవారికి. ప్రతి నెలా పాలు తూచి రాసే అలవాటు, పెయ్యలను చూసి కొనే రైతులు, అండాలు తీసి పిండాలు చేసే కేంద్రం అందుబాటు, ఈ మూడూ ఉన్నచోట ఒక ఆవు ఏడాదికి ఒక దూడకు పరిమితం కాదు. అయినా పెట్టిన పిండాలన్నీ నిలవవు. నూటికి ముప్పై నలభై చూడి నిలిస్తే బాగా నిలిచినట్టే, ఆ లెక్కతోనే ఖర్చు వేసుకోవాలి.

బేరం కుదిరాక మొత్తం ఒకేసారి ఇవ్వకండి. మూడో వంతు ఆపి, ఆవు మీ కొట్టంలో దిగిన ఇరవయ్యో రోజున రెండు పూటల పాలు తూచి, ఒప్పుకున్న దానికి తగ్గిన ప్రతి లీటరుకు ఇంత అని ముందే కాగితం మీద రాసుకున్న ప్రకారం మిగతాది చెల్లించండి. లారీ ఎక్కకముందే బీమా మొదలై ఉండాలి.